11 గంటల 40 నిమిషాలు కుస్తీ పట్టినవాడికి వెండి, ఫైనల్లో చెయ్యే కలపనివాడికి బంగారం. ఇదేం లెక్క?

#1 బస్కీల_బాబు
రెండు రోజుల్నుంచీ కడుపులో మండుతోంది, ఎక్కడో ఒకచోట కక్కెయ్యాలి. ఆఫీసు క్విజ్‌లో అడిగారు: 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్, గ్రీకో-రోమన్ కుస్తీ, 75 కిలోల మిడిల్‌వెయిట్, బంగారం ఎవరికి? క్లేస్ యోహాన్సన్, స్వీడన్. చెప్పాను, మార్కులూ వచ్చాయి. కానీ ఆ పేరు చెప్తుంటే నోరు చేదెక్కింది.

కథ తెలియనివాళ్ళ కోసం. చివరికి ముగ్గురు మిగిలారు: యోహాన్సన్, ఫిన్లాండ్‌వాడు ఆల్‌ఫ్రెడ్ అసికైనెన్, రష్యా జట్టులో వచ్చిన మార్టిన్ క్లైన్. క్లైన్‌కీ అసికైనెన్‌కీ మధ్య కుస్తీ 11 గంటల 40 నిమిషాలు నడిచింది. ఆరుబయట, స్టేడియం మధ్యలో, జూలై ఎండలో. ఆఖరికి క్లైన్ అవతలివాణ్ణి చిత్తు చేశాడు. చేశాక ఒంట్లో చుక్క సత్తువ మిగల్లేదు, యోహాన్సన్ మీదికి దిగలేకపోయాడు. బంగారం స్వీడన్‌కి పోయింది. క్లైన్‌కి వెండి, అసికైనెన్‌కి కంచు.

వందేళ్ళు దాటినా జనం చెప్పుకునే కుస్తీ గెలిచినవాడు రెండోవాడా? నాకు మింగుడు పడట్లేదు. మీరేమంటారు?

#2 చాయ్_బిస్కట్
11:40 అంటే నేను ఆఫీసులో కూర్చునే టైం కంటే ఎక్కువ. అక్కడ కూడా చివరికి ఎవరూ గెలవరు.

#3 రూల్బుక్_రావు
ఇందులో అన్యాయం ఏముంది బాబూ? టోర్నమెంట్ అంటే అందరినీ దాటుకుని రావాలి. ఒక్కడి దగ్గరే ఉన్నదంతా ఊడ్చేసుకుంటే అది ఆడేవాడి లెక్క తప్పు, నిర్వాహకులది కాదు. పిలిచినప్పుడు మ్యాట్ మీదికి రాకపోతే వాకోవర్. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

#4 పాతబస్తీ_పహిల్వాన్
రావన్నా, నువ్వు ఎన్నడన్న లంగోట కట్టినవా? గ్రీకో-రోమన్ అంటే ఏందో సమజైతే గా 11 గంటలు ఎట్ల నడిచిందో సమజైతది.

నడుం కింద ముట్టనీకి లేదు. కాలు పట్టొద్దు, కాలుతోని మెలిక వెయ్యొద్దు, అడ్డం పెట్టొద్దు. మన గోదాల సగం దావులు కాళ్ళతోనే కదా. గవన్ని తీసేస్తే ఇగ మిగిలేది చేతులు, మెడ, ఛాతీ, నడుం పట్టు. పైకెళ్ళి అప్పట్ల పాయింట్లు లెవ్వు. రెండు భుజాలు ఒక్కపారి కిందికి ఆనాలె. ఆనకుంటే పొద్దంత కొట్లాడినా ఏం కానట్టే. కింద వడ్డోడు బోర్ల పండి, మోచేతులు ఒంటికి గుంజుకొని, గదుమ ఛాతీకి ఆనిచ్చిండనుకో, కాళ్ళు ముట్టకుండ గానిని తిప్పుడు మామూలు ముచ్చట కాదు. తిప్పినా తల మీద, పాదాల మీద ఒళ్ళంత విల్లు లెక్క లేపుతడు. భుజం ఆనది.

ఇంకొకటి, చెమట. మన గోదాల మట్టి ఉంటది. నూనె, మజ్జిగ, పసుపు వోసి, తవ్వి తవ్వి మెత్తగ చేసిన మట్టి. చెయ్యి జారితే పిడికెడు తీసి ఎదుటోని మెడ మీద రుద్దుతం, పట్టు మళ్ళ దొరుకుతది. మ్యాట్ మీద గది యాడికెళ్ళి వస్తది? అరగంటకు ఇద్దరి ఒళ్ళు నూనె వూసినట్టైతది. ముంగట పోయేది వేళ్ళు. నేను చేసిన రోజులల్ల ఒక్క గట్టి కుస్తీ అయినంక చాయ్ గిలాస ఒక్క చేత్తోని పట్టరాకపోయేది, రెండు అరచేతుల నడుమ వెట్టుకొని తాగేది. గది పావుగంట కుస్తీకి. గా క్లైన్ చేతులు ఎట్లున్నయో నువ్వే సోంచాయించు.

#5 నమ్మకం_లేదు
పావుగంటకే చేతులు పోతే 11 గంటలు ఎలా సాధ్యం? ఇలాంటి పాత అంకెలు ఊరు దాటేకొద్దీ పెరుగుతాయి. మధ్యలో లంచ్‌కి వెళ్ళొచ్చి ఉంటారు.

#6 క్విజ్_పిచ్చి
@నమ్మకం_లేదు అంకె మీద గొడవలేదు, ఒలింపిక్ రికార్డుల్లో ఉన్నదే. బిగపట్టి ఏకధాటిగా మాత్రం కాదు. అరగంటకోసారి కాస్త ఆగనిచ్చేవారు, గొంతు తడుపుకుని మళ్ళీ మొదలు.

అసలు తమాషా పక్క బరువులో జరిగింది. అదే ఒలింపిక్స్‌లో 82.5 కిలోల ఫైనల్, స్వీడన్ ఆండర్స్ ఆల్‌గ్రెన్‌కీ ఫిన్లాండ్ ఇవార్ బోలింగ్‌కీ. 9 గంటలు పట్టారు. ఎవడూ చిత్తు కాలేదు. జడ్జీలు ఆపేసి, ఎవరూ గెలవలేదు కాబట్టి బంగారం ఎవరికీ లేదన్నారు. ఇద్దరికీ వెండి ఇచ్చి పంపారు. మూడోవాడు హంగరీ బేలా వర్గ, కంచు.

అంటే బాబు గారి క్లైన్ ఒక్కడే కాదు, ఆ వారంలో కుస్తీ మొత్తం అలాగే ఉంది.

#7 బస్కీల_బాబు
@క్విజ్_పిచ్చి చూశారా, మీరే నా వైపు సాక్ష్యం చెప్పారు. 9 గంటలు పట్టి గెలవనివాళ్ళకి బంగారం లేదు, సరే, గెలవలేదు కాబట్టి. మరి యోహాన్సన్ ఆ ఆఖరి కుస్తీలో గెలిచిందేముంది? అక్కడ గెలుపు కావాలన్నవాళ్ళు ఇక్కడ ఎందుకు అడగలేదు?

#8 రూల్బుక్_రావు
ఎందుకంటే అక్కడ ఇద్దరూ వచ్చారు, ఇక్కడ ఒకడు రాలేదు. ఇంతకంటే విడమరిచి చెప్పడం నా వల్ల కాదు.

#9 లెక్కల_లలిత
11 గంటల 40 నిమిషాలు అంటే 700 నిమిషాలు. ఇప్పటి గ్రీకో-రోమన్ బౌట్ మూడేసి నిమిషాలు రెండు విడతలు, అంటే 6. భాగిస్తే 116 బౌట్లు, పైన 4 నిమిషాలు చిల్లర. ఇప్పుడు ఒక కుర్రాడు మొదటి పతకం నుంచి రిటైరయ్యే దాకా ఆడే పెద్ద పోటీలన్నీ కలిపినా అంత అవుతాయో లేదో. క్లైన్ ఒక్క రోజులో కానిచ్చేశాడు.

#10 చాయ్_బిస్కట్
ఆ 4 నిమిషాల చిల్లర ఎవరికిచ్చారక్కా?

#11 సూదిమందు_సూరి
వైద్యం వైపు నుంచి ఒక మాట. బాబు గారు "సత్తువ లేక" అని తేలిగ్గా రాసేశారు.

మన కండరాల్లో, కాలేయంలో కలిపి నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే ఒంటికి ఇంధనం, సుమారు అరకిలో. మారథాన్ పరుగెత్తేవాళ్ళకే 30 కిలోమీటర్ల దగ్గర అది అడుగంటుతుంది. కుస్తీలో ఇంకో ఇబ్బంది. కండ బిగబట్టి పట్టుకున్నంతసేపూ దానిలోకి రక్తం సరిగ్గా పోదు. గంటల తరబడి అలా బిగిస్తే కండ కణాలు చితుకుతాయి, లోపలి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడుతుంది. మూత్రం కోలా రంగులో వస్తుంది. క్లైన్‌కి ఏమైందో నేను పరీక్ష చేసి చెప్పట్లేదు, ఈ రోజు ఎవరైనా ఆ స్థితిలో నా దగ్గరికొస్తే మాత్రం మ్యాట్ మీదికి పంపను, సెలైన్ పెట్టి పడుకోబెడతాను.

ఆ ఒలింపిక్స్‌లోనే ఎండ దెబ్బకి మారథాన్ రన్నర్ ఒకడు పోయాడు. పోర్చుగల్ ఫ్రాన్సిస్కో లాజరో. దారిలో కూలబడి మర్నాడు చనిపోయాడు. ఎండ తగలకుండా ఒంటికి మైనం లాంటిది పూసుకున్నాడనీ, చెమట బయటికి రాలేదనీ చెబుతారు. ఈ కుస్తీ జరిగింది అలాంటి ఎండాకాలంలో.

#12 క్విజ్_పిచ్చి
సూరి గారు మారథాన్ ఎత్తారు కాబట్టి ఆగలేకపోతున్నా. అదే మారథాన్‌లో జపాన్ కనకురి షిజో మధ్యలోనే ఆగిపోయి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళిపోయాడు. 1967లో పిలిపించి మిగతాది పూర్తి చేయించారు. టైం 54 ఏళ్ళ 8 నెలల చిల్లర.

#13 చాయ్_బిస్కట్
ఇదిరా పరుగంటే. నా హోమ్‌లోన్ కూడా అదే టైంకి పూర్తవుతుంది.

#14 స్వీడన్_సుబ్బారావు
ఇక్కడ ఒక్కరు కూడా యోహాన్సన్ ఎవరో చూడకుండా తిడుతున్నారు. నేను ఉండేది ఆ దేశంలో కాబట్టి కాస్త వకాల్తా పుచ్చుకుంటాను.

ఆయన గోథెన్‌బర్గ్ మనిషి, 1884లో పుట్టాడు. క్లైన్‌దీ అదే ఏడు. 1912 తర్వాత యుద్ధం వచ్చి 1916 ఒలింపిక్స్ జరగనే లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత 1920లో ఆంట్వెర్ప్‌లో ఒక బరువు పైకెళ్ళి, 82.5 కిలోల్లో మళ్ళీ బంగారం గెలిచాడు. అదృష్టం కొద్దీ ఒకసారి మెడల్ దొరికినవాడు ముప్పయ్యైదేళ్ళ వయసులో, పై బరువులో, రెండోసారి ఎలా తెస్తాడండీ?

క్లైన్ గొప్పవాడు, కాదనను. దానికోసం యోహాన్సన్‌ని దొంగని చెయ్యక్కర్లేదు.

#15 బస్కీల_బాబు
@స్వీడన్_సుబ్బారావు 1920 సంగతి 1920దే. నా గొడవ 1912తో. మరొకటి చెప్పండి, ఊరు స్వీడన్‌ది, స్టేడియం స్వీడన్‌ది, ఖాళీగా కూర్చుని చూసే మూడోవాడు స్వీడన్‌వాడే. 11 గంటలు ఆపకుండా సాగనిచ్చిన జడ్జీలకి అందులో ఏ లాభమూ కనపడలేదా?

#16 స్వీడన్_సుబ్బారావు
మరి పక్క మ్యాట్ మీద 9 గంటలకి ఆపేసి బంగారం పోగొట్టుకున్న ఆల్‌గ్రెన్ కూడా స్వీడన్‌వాడేగా? వాళ్ళకి అంత పక్షపాతమే ఉంటే అక్కడ చెయ్యి తిప్పలేకపోయేవారా? ఆ ఏడాది గ్రీకో-రోమన్‌లో ఉన్నవి ఐదు బరువులు. మూడు బంగారాలు ఫిన్లాండ్‌వి: కోస్కెలో, వారె, సారెలా. ఒకటి ఎవరికీ రాలేదు. ఆతిథ్య దేశానికి మిగిలింది ఈ ఒక్కటే. పక్షపాతానికి ఇంత తక్కువ కూలా?

#17 లెక్కల_లలిత
సుబ్బారావు గారికి ఈ రౌండ్.

#18 కామారెడ్డి_కాకా
మీ ఒలింపిక్స్ సంగతి నాకెర్కలేదు గని, బరాబరి కుస్తీ అంటే మా దిక్కు ఎట్ల తెంపుతరో చెప్త. మా దగ్గర జాతరల కొబ్బరికాయ కుస్తీతోని షురువైతది. చిన్న పోరగాళ్ళు వడితె గెల్చినోనికి కొబ్బరికాయ. గట్ల పెరుక్కుంట పెరుక్కుంట పొద్దుగూకేటాల్లకు ఆఖరి కుస్తీ, దానికి వెండి కడియం.

నా చిన్నప్పుడు ఒక సంవత్సరం ఆఖరి కుస్తీ తెగలే. ఇద్దరు సమానం. ఒకడు మా ఊరోడు, ఒకడు మహారాష్ట్ర దిక్కుకెళ్ళి వచ్చినోడు. పెట్రోమాక్స్ బుడ్లు ముట్టిచ్చిన్రు, డప్పులోళ్ళు కొట్టి కొట్టి అలిసిన్రు, జనం కదలరు. ఆఖర్కి పెద్దమనుషులు గోదాలకు దిగి ఇద్దరి చేతులు వట్టి పైకి లేపిన్రు. కడియం ఏం జేసిన్రంటరు? అమ్మి పైసలు చెరిసగం. మా ఊరోడు ఇప్పటికి గూడ "నేను ఇంకో గడియ ఉంటే వాన్ని వడగొడుదు" అంటడు. అవుతలోడు గూడ వాళ్ళ ఊర్ల గదే అంటుండొచ్చు.

#19 పాతబస్తీ_పహిల్వాన్
కాకా, గిట్ల చెరిసగం అంటే మా ఉస్తాద్ ఒప్పుకోకపోవు. "కుస్తీల బరాబరి అంటే ఇద్దరు ఓడినట్టు" అంటుండె. స్టాక్‌హోమ్ జడ్జీలు మా ఉస్తాద్ లెక్కనే ఉన్నరు.

#20 గామా_భక్తుడు
అందరూ మన గామా పహిల్వాన్‌ని మర్చిపోయారా? 1910 సెప్టెంబర్ 10, లండన్. పోలండ్ మల్లుడు జిబిష్కోతో కుస్తీ రెండున్నర గంటలు దాటింది. జిబిష్కో బోర్లా పడుకుని మ్యాట్‌ని కరిచిపెట్టుకున్నాడు, గామా పైనుంచి ఎంత తిప్పినా తిరగలేదు. డ్రా. వారం తర్వాత మళ్ళీ పట్టాలన్నారు. జిబిష్కో రానేలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ దొరికాడు, నిమిషం కూడా నిలవలేదు.

గామా ఉండి ఉంటే ఈ 11 గంటల గొడవే ఉండేది కాదు.

#21 రూల్బుక్_రావు
@గామా_భక్తుడు థాంక్స్ సర్. జిబిష్కో రాకపోతే ఆ కుస్తీకి పెట్టిన జాన్ బుల్ బెల్టు ఎవరికిచ్చారు? గామాకే. గోదాలో చెయ్యి కలపకుండానే. బాబు గారూ, గామా బెల్టు కూడా వెనక్కి ఇప్పిద్దామా?

#22 బస్కీల_బాబు
అది వేరు! జిబిష్కో భయపడి రాలేదు. క్లైన్ కుస్తీ పట్టీ పట్టీ రాలేకపోయాడు.

#23 రూల్బుక్_రావు
రికార్డు పుస్తకంలో రెండింటికీ ఒకటే గడి ఉంటుంది.

#24 సింహాచలం_బుల్లోడు
గామా సరే, మన కోడి రామ్మూర్తి నాయుడు గారిని పంపుంటే? ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. అసికైనెన్ ఎంత?

#25 క్విజ్_పిచ్చి
రామ్మూర్తి గారిని ఒలింపిక్స్‌కి రానివ్వరు బుల్లోడూ. వీరఘట్టంలో పుట్టి, సొంత సర్కస్ కంపెనీ పెట్టి, టికెట్టు అమ్మి బలప్రదర్శన చేశారు. అంటే ప్రొఫెషనల్. గామాకి కూడా ఇదే అడ్డం. అప్పటి ఒలింపిక్స్ నియమం ప్రకారం ఆటతో డబ్బు ముట్టినవాడికి లోపలికి దారి లేదు.

క్లైన్ కథలో నాకు నచ్చేది ఇక్కడే ఉంది. ఆయన పుట్టిన ఎస్తోనియా అప్పటికే కుస్తీ వస్తాదుల గడ్డ. హాకెన్‌ష్మిట్ తార్తూవాడు, జార్జ్ లూరిచ్ అక్కడివాడే, ఆబెర్గ్ అక్కడివాడే. ముగ్గురూ ఊళ్ళూ దేశాలూ తిరిగి డబ్బుకి కుస్తీలు పట్టి పేరూ సంపాదనా చూసినవాళ్ళు. 1911లో షికాగో బేస్‌బాల్ మైదానంలో హాకెన్‌ష్మిట్‌కీ అమెరికావాడు గాచ్‌కీ జరిగిన కుస్తీకి జనం విరగబడ్డారు. ఏడాది తిరిగేసరికి అదే గడ్డవాడు స్టాక్‌హోమ్‌లో 11 గంటల 40 నిమిషాలు పట్టాడు, కూలి సున్నా.

అదే ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్ థార్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు చిన్న లీగులో కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని 1913లో రెండు బంగారాలూ లాక్కున్నారు. పోయాక 1982లో తిరిగిచ్చారు. అప్పుడు కూడా రెండోవాళ్ళతో కలిపి ఉమ్మడి విజేత అన్నారు, ఒక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022లో. బాబు గారూ, మండాలంటే దీనికి మండాలి.

#26 బస్కీల_బాబు
దీనికీ మండుతోంది. నా కడుపులో చోటుంది.

#27 టాలిన్_తెలుగోడు
కొంచెం ఆలస్యంగా చూశాను. ఎస్తోనియాలో ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు.

అందరూ "రష్యా క్లైన్" అంటున్నారు, ఇక్కడ ఆ మాట అంటే మొహం అదోలా పెడతారు. ఆయన దక్షిణాన తార్వాస్తులో పుట్టిన ఎస్తోనియావాడు. 1912లో ఎస్తోనియా అనే దేశం లేదు, జార్ కింద ఉండేది. అందుకని రష్యా జట్టు. ఫిన్లాండ్ కూడా అదే జార్ కిందిదే, కానీ అది గ్రాండ్ డచీ, అంటే కొంత సొంత పాలన ఉన్న సంస్థానం లాంటిది, ఒలింపిక్స్‌కి విడి జట్టు పంపుకునే వీలు దక్కింది. రష్యాకి అది కంటగింపే. ఫిన్లాండ్‌వాళ్ళు గెలిచినా స్తంభం మీద ఎగిరింది రష్యా జెండానే.

ఇప్పుడు ఆ 11 గంటల కుస్తీని మళ్ళీ చూడండి. ఒకడు "రష్యా", ఒకడు "ఫిన్లాండ్". నిజానికి ఇద్దరూ ఒకే చక్రవర్తి ప్రజలు, ఇద్దరికీ ఆ చక్రవర్తి అంటే పెద్ద ప్రేమేం లేదు. పైగా ఎస్తోనియన్, ఫిన్నిష్ అక్కాచెల్లెళ్ళ లాంటి భాషలు. మెడలు పట్టుకుని ఒకణ్ణొకడు తిట్టుకుని ఉంటే సగం అర్థమయ్యే ఉంటుంది.

#28 చాయ్_బిస్కట్
11 గంటలు ఎందుకు పట్టిందో ఇప్పుడు తెలిసింది. కబుర్లు చెప్పుకున్నారు.

#29 నమ్మకం_లేదు
@టాలిన్_తెలుగోడు అక్కడ నిజంగా గుర్తుపెట్టుకున్నారా, లేక నెట్‌లో చదివి చెప్తున్నారా?

#30 టాలిన్_తెలుగోడు
ఆయన పేరు మీద విల్యాండిలో కుస్తీ పోటీలు పెడతారండీ. తార్వాస్తు అక్కడికి దగ్గరే. నాతో పనిచేసే ఒకాయన చిన్నప్పుడు వాటిలో ఆడాడు, చెవి ఒకటి నలిగి ముద్దలా ఉంటుంది, అడక్కుండానే చూపిస్తాడు. ఇక్కడ ఇంకా పెద్ద పేరు క్రిస్త్యాన్ పలుసాలు. 1936 బెర్లిన్‌లో హెవీవెయిట్ గ్రీకో-రోమన్, ఫ్రీస్టైల్ రెండూ ఆయనే గెలిచాడు. అప్పటికి సొంత దేశం, సొంత జెండా వచ్చాయి. క్లైన్ ఆ రోజులు చూసే పోయాడు, 1947లో.

అసికైనెన్ మాట ఎవరూ ఎత్తట్లేదు. అతను ఊరికే నిలబడినవాడు కాదు, 1911లో ప్రపంచ ఛాంపియన్. స్టాక్‌హోమ్ నాటికి 23 ఏళ్ళు. క్లైన్ నాలుగేళ్ళు పెద్ద.

#31 మాజీ_57కేజీ
ఈ థ్రెడ్ చదువుతుంటే పాత పుండు సలిపింది. కాలేజీ రోజుల్లో ఒక టోర్నమెంట్‌లో (ఎక్కడో చెప్పను) సెమీఫైనల్ గెలిచి పక్కకొచ్చి నీళ్ళు తాగుతున్నాను, మైకులో మళ్ళీ నా పేరే. ఫైనల్. లైట్లు పోయేలోగా ముగించాలట. అవతలివాడు పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నాడు, చొక్కా కూడా నలగలేదు. మా మేనేజర్ క్యాంటీన్‌లో ఉన్నాడు, మా తరఫున నోరెత్తడానికి మనిషి లేడు. నా మోకాలు అప్పటికే వాచింది. చెయ్యెత్తి రానని చెప్పేశాను. సర్టిఫికెట్‌లో "రన్నరప్" అని ఉంటుంది. రావు గారు చెప్పిన ఆ గడిలో ఇదంతా ఎక్కడ పడుతుంది?

#32 రూల్బుక్_రావు
@మాజీ_57కేజీ మీ విషయంలో రూలే మీ వైపు ఉండాలి తమ్ముడూ. బౌటుకీ బౌటుకీ మధ్య విరామం ఇవ్వకపోవడం నిర్వాహకుల తప్పు. దాన్ని నేను సమర్థించను. క్లైన్‌ది వేరే కేసు అనే ఇప్పటికీ అంటాను.

#33 క్విజ్_పిచ్చి
57కేజీ అన్నా, ఇది సరిగ్గా కె.డి. జాధవ్‌కి జరిగింది. 1952 హెల్సింకి, 57 కిలోలే! జపాన్ ఇషీతో సుదీర్ఘంగా పట్టి ఓడాడు. వెంటనే సోవియట్ మమ్మద్‌బెయోవ్‌తో పట్టమన్నారు. మధ్యలో అరగంట విరామం ఇవ్వాలని రూలు ఉంది, అడగడానికి పక్కన భారత అధికారి లేడని చెబుతారు. అలిసిపోయిన ఒంటితోనే దిగాడు, ఓడాడు, కంచు వచ్చింది. స్వతంత్ర భారతానికి అదే మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. ఆ ప్రయాణం డబ్బుల కోసం ఆయన కాలేజీ ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టి 7000 రూపాయలు ఇచ్చారు.

#34 గామా_భక్తుడు
జాధవ్ కంటే ముందు మనవాళ్ళెవరూ ఒలింపిక్ కుస్తీకి వెళ్ళలేదా?

#35 క్విజ్_పిచ్చి
వెళ్ళారు. 1920 ఆంట్వెర్ప్. సుబ్బారావు గారి యోహాన్సన్ రెండో బంగారం గెలిచిన చోటే. దొరాబ్జీ టాటా చొరవతో పోయిన చిన్న బృందంలో ఇద్దరు మల్లులు, కుమార్ నవలే, రణధీర్ షిండే. షిండే ఫ్రీస్టైల్ ఫెదర్‌వెయిట్‌లో నాలుగో స్థానం. కంచు బ్రిటన్ బెర్నార్డ్‌కి పోయింది. మట్టి గోదాలో పెరిగినవాళ్ళు, మ్యాట్ మీద మొదటి ఒలింపిక్స్‌లోనే పతకం అంచు దాకా వెళ్ళారు. షిండే గెలిచి ఉంటే జాధవ్ గారి కంటే 32 ఏళ్ళ ముందే మనకి కుస్తీ పతకం ఉండేది.

#36 పాతబస్తీ_పహిల్వాన్
మట్టిల నుంచి మ్యాట్ మీదికి వోతే మొదలు మోకాళ్ళు, మోచేతులు గీక్కుపోతయ్. మట్టి ఒత్తితే లోపటికి వోతది, మ్యాట్ వోదు. మా దగ్గర మంచి మంచి పోరగాళ్ళు గందుకే ఆగమైన్రు. షిండే నాలుగోది అంటే సలామ్ చెయ్యాలె.

#37 బస్కీల_బాబు
సరే, ఇంతమంది ఇన్ని చెప్పారు. నా మాట నేను మార్చను. యోహాన్సన్ మంచి మల్లుడే, సుబ్బారావు గారూ, ఒప్పుకున్నాను. ఉండనీయండి ఆయన బంగారం. కానీ ఆ రోజు ముగ్గురిలో ఎవరూ ఎవరినీ సమానమైన ఒంటితో ఎదుర్కోలేదు కాబట్టి ఆఖరి కుస్తీ మర్నాటికో, రెండ్రోజులకో వాయిదా వెయ్యాలి. 9 గంటల కుస్తీని ఆపే అధికారం ఉన్నవాళ్ళకి ఒక కుస్తీని జరిపే అధికారం లేదా?

#38 స్వీడన్_సుబ్బారావు
ఇది న్యాయమైన మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు.

#39 రూల్బుక్_రావు
నా దగ్గర ఉంది. మర్నాడు మాత్రం క్లైన్ లేచి నిలబడేవాడా? సూరి గారిని అడగండి.

#40 సూదిమందు_సూరి
మర్నాడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా ఇంకొకరు కావాలి. వారం ఇస్తే ఏమో.

#41 లెక్కల_లలిత
వారం ఇచ్చి ఉంటే మళ్ళీ ఇంకో 11 గంటలు పట్టేవారు. జడ్జీల ఇళ్ళల్లో కూడా మనుషులుంటారండీ.

#42 చాయ్_బిస్కట్
బాబన్నా, ఆ క్విజ్‌లో ఇంతకీ ప్రైజ్ ఏమిచ్చారు?

#43 బస్కీల_బాబు
రెండో ప్రైజ్. స్టీల్ వాటర్ బాటిల్. మొదటి టీమ్ టైబ్రేకర్ ఆడకుండానే గెలిచింది, మావాడు ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్ళాడు.

#44 రూల్బుక్_రావు
వాకోవర్.